శంకరాభరణం తెలిసిన చెవికి మేజర్ స్కేల్: ఒక కీబోర్డు తరగతి

విజయవాడ మొగల్రాజపురంలో ఒక మేడమీద నడిచే కీబోర్డు తరగతికి మూడు నెలలుగా వెళ్తున్నాను. పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేల్ అనే స్వరవరుస అంటే సి స్వరం నుంచి వరుసగా తెల్ల మెట్లు నొక్కడమేనని అంతవరకూ అనుకునేవాణ్ణి.

రెండో వారంలో మాస్టారు నన్ను జి నుంచి మొదలుపెట్టి తెల్ల మెట్లే వాయించమన్నారు. ఆరు స్వరాలు సాఫీగా సాగి, ఏడో దగ్గర చెవికి తేడా తగిలింది. "ఇది హరికాంభోజి రాగం అండీ. శంకరాభరణం కావాలంటే ఎఫ్ వదిలి, దాని కుడిపక్క నల్ల మెట్టు పట్టండి" అన్నారు. ఏడో స్వరమైన నిషాదం, కింద ఉండే కైశికి రూపం నుంచి అరస్వరం పైనున్న కాకలి రూపానికి మారడం వేలి కింద తెలిసింది.

ఆ తరువాతే సూత్రం చెప్పారు: ఏ మెట్టు షడ్జమం (స) అయినా, పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని ఒక అరస్వరంగా లెక్కిస్తూ రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి చొప్పున జరిగితే 12 అరస్వరాలు పూర్తయి పై షడ్జమం చేరతాం. ఇ-ఎఫ్ మధ్య, బి-సి మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టే సి స్కేలుకు తెల్లవి సరిపోతాయి. కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త (మూలరాగం) అయిన శంకరాభరణం స్వరాలూ ఇవే. అయితే గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేనిదే అది రాగం కాదని ఆయనే హెచ్చరించారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. నెలకు 1,200 రూపాయలు తీసుకుంటూ ఇద్దరికి ఒకే కీబోర్డు ఇవ్వడం బాగాలేదు. షార్పులకు (అరస్వరం పెంచిన స్వరాలకు) అంత ఓపిక చూపినవారు ఫ్లాట్ల (అరస్వరం తగ్గించినవాటి) దగ్గర తొందరపడ్డారు. ఎఫ్ మేజర్‌లో నాలుగో స్వరాన్ని ఎ షార్ప్ అనక బి ఫ్లాట్ అని ఎందుకు రాయాలో, స్కేలులో ఒక్కో స్వరాక్షరం ఒక్కసారే రావాలన్న నియమాన్ని ఇంటికొచ్చి నేనే కాగితం మీద తేల్చుకోవలసి వచ్చింది.