మ్యాక్‌లో జావా ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే: జావా మళ్ళీ ఎక్కించడమా, టెర్మినల్‌లో చూడడమా?

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో కొందరి దగ్గర ఇప్పుడు మ్యాక్‌బుక్‌లు ఉంటున్నాయి. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ మీద చక్కగా నడిచిన జార్ ఫైలును (జావా ప్రోగ్రామ్‌ను ఒకే ఫైలుగా కట్టిన మూటను) హాస్టల్‌కు తెచ్చుకుని తెరవబోతే, కింద డాక్‌లో బొమ్మ ఒకసారి ఎగిరి మాయమవుతుంది. తప్పేమిటో ఒక్క ముక్క చెప్పదు. పక్క గదివాళ్ళ సలహా మాత్రం సిద్ధంగా ఉంటుంది: "జావా మళ్ళీ ఎక్కించరా, అదే సర్దుకుంటుంది."

ఆ సలహా నాకు బొత్తిగా నచ్చదు. ఫోను డేటా అంతా పోసి దింపుకున్నా చాలాసార్లు ఫలితం ఉండదు. మ్యాక్‌లో కొత్త వెర్షన్ ఎక్కించినంత మాత్రాన పాతది పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏది వాడాలో మనం చెప్పకపోతే సాధారణంగా పెద్ద వెర్షన్‌కే పని అప్పగిస్తుంది. జావా 17 ఉన్నచోట జావా 8 ఎంత శ్రద్ధగా ఎక్కించినా నడిపేది 17నే.

టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే విండో. ఆ దారి పైసా ఖర్చు లేనిది. జావా అని, ఖాళీ వదిలి హైఫన్ జార్ అని (java -jar) ఇంగ్లీషులో కొట్టి, మళ్ళీ ఖాళీ వదిలి, ఫైలును ఆ విండోలోకి లాగి వదిలితే దాని చిరునామా అదే వచ్చి చేరుతుంది. ఎంటర్ నొక్కితే దాగిన తప్పు బయటపడుతుంది. "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" అని వచ్చి పక్కన 61 కనిపించిందనుకోండి. అందులోంచి 44 తీసేస్తే 17. ఆ ప్రోగ్రామ్‌కు కనీసం జావా 17 కావాలన్నమాట. 52 అయితే జావా 8. కొత్త జావా ఎక్కించడం నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.

విండోలు, బటన్లు చూపించే జావా ఎఫ్ఎక్స్ దొరకలేదంటే సంగతి వేరు. 2018లో వచ్చిన జావా 11 నుంచి దాన్ని విడిగా తెచ్చుకోవాలి. "అన్‌శాటిస్ఫైడ్ లింక్" అని వస్తే, 2020 చివర్లో వచ్చిన ఆపిల్ సొంత చిప్ ఎం1, ఆ తర్వాతి చిప్‌ల మీద ముందుగా చిప్ తేడానే అనుమానిస్తాను. ప్రోగ్రామ్ వాడుకునే సిద్ధపు కోడ్, అంటే లైబ్రరీ, ఇంటెల్ చిప్‌ది, జావా ఆపిల్ చిప్‌ది అయితే పొత్తు కుదరదు. ఇంటెల్ జావాను, ఇంటెల్ ప్రోగ్రామ్‌లను ఆపిల్ చిప్ మీద నడిపించే రోజెట్టా మీద నడిపితే సరిపోతుంది, వేగం కాస్త తగ్గినా సరే.

తయారీదారు గుర్తింపు తేలలేదని మ్యాకే అడ్డుకుంటే అది జావా గొడవే కాదు. నమ్మకమైన ఫైలైతే సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి అనుమతించాలి. 2024 నాటి మ్యాక్ఓఎస్ వెర్షన్ సెకోయా నుంచి కంట్రోల్ నొక్కి తెరిచే పాత ఉపాయం పనిచేయదు.

వాడుకోవడమే తప్ప కోడ్‌తో పనిలేనివారికి, జావాను తనలోనే కలుపుకుని వచ్చే ప్యాకేజీ అన్నిటికన్నా మేలు. సైజు పెద్దదే, కానీ మన యంత్రంలో ఏ జావా ఉందన్న బెంగ ఉండదు. ప్రాజెక్టు అప్పగించే విద్యార్థులు జావాతోనే వచ్చే, జావా 16 నుంచి స్థిరపడిన జేప్యాకేజ్ అనే పనిముట్టుతో దీన్ని తయారుచేయవచ్చు. ల్యాబ్‌లోని విండోస్ కంప్యూటర్ మీద మాత్రం మ్యాక్ ప్యాకేజీ తయారవదు, మ్యాక్ ఉన్న స్నేహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి.