మా ఐటీ విభాగం సోమవారపు ప్రకటనలు: సిబ్బందిలో ఒకరి సమీక్ష

నెల్లూరు, ఒంగోలు మధ్య రోజూ రైలులో తిరుగుతూ ఈ ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న నాకు ప్రతి సోమవారం ఉదయం, బండి కావలిలో ఆగే వేళకు, మా ఐటీ విభాగం నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఆ వారంలో ఏ సేవలు ఎప్పుడు ఆగుతాయి, కొత్తగా ఏ నిబంధనలు వచ్చాయి, విభాగంలో ఎవరు చేరారు, ఎవరు పదవీ విరమణ చేశారు అన్న వివరాలు అందులో ఉంటాయి. అత్యవసరమైనవి ఎస్ఎంఎస్‌గా కూడా వస్తాయి. 2022 నుంచి ఈ మెయిల్‌ను దాదాపు ఒక్క వారం కూడా వదలకుండా చదువుతున్నాను గనుక దీని మంచిచెడ్డలు చెప్పే అర్హత నాకు ఉన్నదనుకుంటున్నాను. సంస్థ పేరు మాత్రం చెప్పను. చెప్పబోయేవాటిలో ఫిర్యాదులే ఎక్కువ కావడమూ, రేపు ఉదయం నేను మళ్లీ అక్కడే హాజరు వేయవలసి ఉండడమూ అందుకు కారణాలు.

ముందుగా మెచ్చుకోవలసిన విషయం. సేవలు నిలిచిపోయే సమయాన్ని ముందే తెలియజేయడంలో ఈ విభాగానికి వంక పెట్టలేము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు సోమవారమే కావడంతో, బయట వాన ఎడతెరిపి లేకుండా కురుస్తుండగా వచ్చిన ఆ వారపు మెయిల్ మొత్తం నాలుగే వాక్యాలలో ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు సర్వర్లను తామే ఆపివేస్తామని, ఫీజుల పోర్టల్, సెలవుల పోర్టల్, గ్రంథాలయ కేటలాగు పనిచేయవని, మెయిల్ బయటి సర్వర్ల మీద నడుస్తుంది గనుక దానికి ఇబ్బంది లేదని, కరెంటు వచ్చి రెండు గంటలు నిలకడగా ఉన్న తరువాతే మళ్లీ తెరుస్తామని రాశారు. నడుస్తున్న సర్వర్‌కు హఠాత్తుగా కరెంటు పోతే డేటాబేస్ చెడిపోవచ్చునని, యూపీఎస్ అంతసేపు మోయలేదని కారణం కూడా చెప్పారు. కారణం చెప్పినందువల్ల ఆ రెండు రోజులు మా సెక్షన్‌లో ఎవరూ విసుక్కోలేదు.

నిబంధనల ప్రకటనలు కూడా ఫరవాలేదు. విద్యాసంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఖాతాలలో అపరిమిత నిల్వ పోయి, సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల పరిమితి 2022 జూలైలో అమలులోకి వచ్చినప్పుడు, కేవలం అనవసరమైన ఫైళ్లు తీసేయండని చెప్పి ఊరుకోకుండా, కరోనా కాలంలో రికార్డు చేసిన ఆన్‌లైన్ తరగతుల వీడియోలే ఎక్కువ చోటు తింటున్నాయని, వాటిని పెద్ద పరిమాణం నుంచి చిన్నదానికి వరుస పెట్టి చూసుకునే పద్ధతి ఇదీ అని బొమ్మలతో వివరించారు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగుస్తుందన్న సంగతిని కూడా చాలా ముందుగానే చెప్పారు. మా సెక్షన్‌లోని పాత కంప్యూటర్లు ఇంకా మారలేదు గాని, అది కొనుగోళ్ల విభాగం సంగతి.

అసలు చిక్కు సిబ్బంది వార్తలతో వచ్చింది. విభాగంలో దీర్ఘకాలం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేసిన ఒక పెద్దాయన గత ఏడాది జూన్ నెలాఖరున పదవీ విరమణ చేశారు. ఆ వార్త మెయిల్‌లో ఘనంగా వచ్చింది. శాలువా, పూలమాల, పళ్లబుట్టతో ఫోటో, ఆయన సేవల గురించి మూడు పేరాలు, శేషజీవితం ఆయురారోగ్యాలతో గడవాలన్న ఆకాంక్ష, అన్నీ ఉన్నాయి. ఆయన అందుకు అర్హులే. ఆయన చేస్తూ వచ్చిన పనులు మరునాటి నుంచి ఎవరు చూస్తారన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదు.

జూలై మొదటి వారంలో హాల్‌టికెట్లలో పేర్ల తప్పులు దిద్దే పని మొదలైంది. మేము దిద్దిన ప్రతి పేరుకూ పై నుంచి ఆమోదం పడితేనే కొత్త హాల్‌టికెట్ ముద్రణకు వస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆమోదం దగ్గరే ఆగిపోతున్నది. ఉదయగిరి నుంచి, కనిగిరి నుంచి తొలి బస్సుకు బయలుదేరి వచ్చిన పిల్లలు వరండాలో కూర్చుని ఉండగా నేను ఐటీ విభాగానికి వెళ్లి అడిగితే, కౌంటర్‌లోని కుర్రవాడు ఆశ్చర్యంగా చూసి, "అది సారే చూసేవోరు గదా సార్, ఆయన రిటైరైపోయినారని మెయిలు పెట్టినాం గదా" అన్నాడు. అబద్ధమేమీ కాదు, పెట్టారు. పళ్లబుట్టలో యాపిల్స్ ఎన్ని ఉన్నాయో కూడా నాకు గుర్తుంది.

తరువాత తేలిందేమిటంటే, ఆమోదించే అధికారం ఆయన పదవికి కాక ఆయన సొంత లాగిన్‌కు ముడిపడి ఉంది. నిబంధన ప్రకారం నెలాఖరున ఆ ఖాతాను మూసివేశారు. దానితోపాటే ఆ అధికారమూ పోయింది. ఆ పనికి పదవి పేరుతో ఒక ఖాతా పెట్టి, ఇన్‌ఛార్జి మారినప్పుడు పాస్‌వర్డ్ మాత్రం మార్చి అప్పగించి ఉంటే, లేదా మూసేముందు అధికారాన్ని మరొకరికి బదలాయించి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కొత్త ఇన్‌ఛార్జి ఎవరో తెలుసుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. తెలిసిన తరువాత పని ఇరవై నిమిషాలలో అయిపోయింది. ఇతర విభాగాలలో సిబ్బంది వార్త మర్యాద కోసం వేసేదైతే కావచ్చు గాని, సాంకేతిక విభాగంలో అది పనిలో భాగం. మనిషి వెళ్లినప్పుడు తాళంచెవుల గుత్తి ఎవరి చేతికి వచ్చిందో చెప్పని వార్త నావంటివాడికి సగం వార్తే.

ఈ లోపం ఇంకొక విధంగా కూడా బయటపడింది. ఆ తరువాత కొన్ని వారాలకు, విరమణ చేసిన ఆ పెద్దాయన పేరుతోనే, మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, పాస్‌వర్డ్ నమోదు చేస్తే చోటు పెంచుతామంటూ ఒక దొంగ మెయిల్ చాలామందికి వచ్చింది. మా పక్క సెక్షన్‌లోని మేడమ్ దాదాపు పాస్‌వర్డ్ ఇచ్చేయబోయారు. ఆయన వెళ్లిపోయిన సంగతి ఆవిడకు తెలియదు, ఎందుకంటే ఆ వార్త మెయిల్‌లో నేరుగా లేదు; జతచేసిన పీడీఎఫ్‌లో ఉంది, ఆ పీడీఎఫ్‌ను ఆవిడ తెరవలేదు.

తెరవకపోవడానికి ఆవిడను తప్పుపట్టలేను. సబ్జెక్టు లైనులో అప్పట్లో ప్రతి వారమూ 'సర్క్యులర్' అన్న ఒకే మాట ఉండేది. జత చేసేది సంతకం చేయించి స్కాన్ చేసిన కాగితం. ఒక్కొక్కసారి అడ్డంగా తిరిగి ఉంటుంది. రైలులో ఫోన్ పట్టుకుని దానితోపాటు నేనూ మెడ తిప్పి చదువుతుంటే ఎదుటి సీటువారు జాలిగా చూస్తారు. స్కాన్ కాకుండా తెలుగులో టైపు చేసి పంపిన వారాలు కూడా ఉన్నాయి గాని, అవి 'అను' అన్న పేరుగల పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టుకుని నడుస్తాయి గనుక, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. వెతికితే ఏ మాటా దొరకదు. ప్రపంచ భాషల లిపులకు ఉమ్మడి సంకేతపద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచి స్థానం ఉంది. సాంకేతిక విభాగమే దాన్ని వాడకపోవడం విడ్డూరం.

ఎస్ఎంఎస్‌ల విషయంలో మాత్రం వారి ఇబ్బంది నాకు అర్థమైంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'విశ్వవిద్యాలయం' అన్న ఒక్క మాటకే 14 ఖర్చవుతాయి. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలు పంపే సందేశాల నమూనాను ముందే నమోదు చేయించుకోవాలి. అందువల్ల అన్ని సందేశాలూ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. అయినా ఏ సేవ, ఎన్నింటికి అన్న రెండు ముక్కలు వాటిలో ఉంటున్నాయి. అంతకు మించి నేను ఆశించను.

హాల్‌టికెట్ల వ్యవహారం తరువాత నేను విభాగాధిపతికి వినయంగానే ఒక లేఖ రాశాను. జవాబు రాలేదు గాని మార్పు కొంత వచ్చింది. ఇప్పుడు సబ్జెక్టు లైనులో విషయం కనిపిస్తున్నది, ముఖ్యమైన సంగతి మెయిల్‌లోనే రాస్తున్నారు. మొన్న సోమవారం కొత్తగా చేరిన నెట్‌వర్క్ అసిస్టెంట్ గురించిన వార్తలో ఆయన చదువు, స్వస్థలం చెప్పిన తరువాత, పరిపాలనా భవనం కేబుళ్లు, రెండో అంతస్తు వైఫై ఇకపై ఈయన చూస్తారన్న వాక్యం కనిపించింది. ఇంటర్‌కమ్ నంబరు వేయడం మరిచిపోయారు. ప్రస్తుతానికి ఐదుకు మూడు ఇస్తున్నాను. ఆ నంబరు వచ్చిన వారం మూడున్నర చేస్తాను.