డాఫ్ట్ పంక్ 'అలైవ్ 2007': ఏళ్ల తరబడి విన్నాక

"హెల్మెట్లు పెట్టుకుని బటన్లు నొక్కేవాళ్లకి లైవ్ ఆల్బమ్ ఏంటి?" అని డాఫ్ట్ పంక్ (రోబో హెల్మెట్లతో ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం చేసిన ఫ్రెంచ్ జోడీ) గురించి అడిగేవాళ్లతో వాదించడం నేను ఎప్పుడో మానేశాను. 'అలైవ్ 2007'లో ఐదో ట్రాక్ పెట్టి ఇయర్‌ఫోన్స్ చేతికిస్తాను, అంతే.

2007 జూన్ 14న పారిస్‌లోని బెర్సీ ఇండోర్ స్టేడియంలో జరిగిన కచేరీ ఇది. ఆల్బమ్‌గా అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. థామస్ బంగాల్టేర్, గీ-మాన్యుయెల్ ఇద్దరూ పారిస్ వాళ్లే కాబట్టి సొంతూరి జనం ముందు వాయించారన్నమాట. లైట్లతో వెలిగే పెద్ద పిరమిడ్ కట్టి, దాని నడిమధ్య నిలబడేవాళ్లు. ఆ పిరమిడ్‌ను మొదట 2006లో అమెరికాలోని కోచెల్లా ఫెస్టివల్‌లో చూపించారు. మరుసటి ఏడాది అదే షోని ఊరూరా తిప్పారు.

నా లెక్కలో ఈ ఆల్బమ్ చేసిన అసలు పని 2005 నాటి 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్'ని బతికించడం. ఆ స్టూడియో ఆల్బమ్‌ని ఆరు వారాల్లో చుట్టేశారు. వినగానే చాలామంది పెదవి విరిచారు, ఒకే ముక్కను పదిసార్లు తిప్పి వదిలారని. ఆ మాట తప్పేం కాదు. కానీ బెర్సీలో ఆ మొండి ముక్కలనే పునాదిగా వేసి, వాటిమీద తమ పాత ఆల్బమ్‌లు 'డిస్కవరీ', 'హోమ్‌వర్క్'లోని పాటల్ని కూర్చోబెట్టారు. 'టెలివిజన్ రూల్స్ ద నేషన్' స్టూడియోలో రెండు నిమిషాలకే విసుగు. ఇక్కడ దాని బరువైన గిటార్ దరువు మీదకి 'క్రెసెండాల్స్' కేకలు వచ్చి పడతాయి. రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టే అతుక్కుపోతాయి. అలాగే 'టూ లాంగ్'. 'డిస్కవరీ'లో చివరి పాట, పది నిమిషాలు సాగుతుంది, పేరుకు తగ్గట్టే. ఇక్కడ దాన్ని కత్తిరించి 'స్టీమ్ మెషీన్' బుసల మధ్య పెట్టారు. ఇది విన్న తర్వాత ఆ స్టూడియో పాటలు సగం వండిన అన్నంలా అనిపిస్తాయి. ఆ మాటకొస్తే ఇప్పుడు నేను 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్'ని విడిగా పెట్టుకోవడమే లేదు.

ఇక ఆ ఐదో ట్రాక్. 'అరౌండ్ ద వరల్డ్'లోని రోబో గొంతు ముందు తిరుగుతూ ఉంటుంది. దాని సందుల్లోకి 'హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్' మాటలు రెండేసి చొప్పున దూరతాయి. ఒక పాట ప్రశ్న వేస్తే ఇంకోటి జవాబు చెప్పినట్టు. ఏ పాటో జనానికి తెలిసిపోయిన క్షణం మీకు స్పష్టంగా వినబడుతుంది: ముందు ఒక మూల నుంచి ఈలలు, తర్వాత హాలంతా హోరు. ఆ హోరు తగ్గకముందే దరువు పడుతుంది. 2009లో దీనికి బెస్ట్ డ్యాన్స్ రికార్డింగ్ గ్రామీ వచ్చింది, ఆల్బమ్‌కి ఇంకోటి. మనకి బరాత్‌లో డీజే రెండు పాటలు కలిపితే చిందులేయడం కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ కలిపింది ఎవరి పాటలో కాదు, పదేళ్లపాటు తాము చేసుకున్నవే. ఏ ముక్క దేనితో పొసగుతుందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పదో ట్రాక్ గురించి హెచ్చరించాలి. నాలుగు పాటలు కలిపిన పది నిమిషాల రొద (మెచ్చుకోలుగానే అంటున్నా). వేగం పెరిగి పెరిగి చెవిలో డ్రిల్లింగ్ మెషీన్ పెట్టినట్టవుతుంది. జిమ్‌లో, రాత్రిపూట ఖాళీ హైవే మీద దీన్ని మించింది లేదు. తలనొప్పి ఉన్న రోజు మాత్రం నేరుగా 'డా ఫంక్'కి దూకేయండి.

ఇన్నేళ్లలో నన్ను విసిగించినవీ ఉన్నాయి. పాటకీ పాటకీ మధ్య గ్యాప్ లేకుండా మొత్తం ఒకే ప్రవాహంగా సాగే రికార్డింగ్ ఇది. ఎంపీ3లు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే ప్రతి ట్రాక్ చివరా చిన్న ఖాళీ వచ్చి, సరిగ్గా ఊపందుకునే చోట గొంతు నొక్కేసినట్టు ఉంటుంది. యాప్‌లో అయితే గ్యాప్‌లెస్ (మధ్యలో ఖాళీ రాకుండా చేసే సెట్టింగ్) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) ఆఫ్ చేసుకోండి. షఫుల్ జోలికి అసలు పోవద్దు. ఫోన్ స్పీకర్‌లో వినడమూ దండగే, బేస్ పోతే మిగిలేది జనం అరుపులే. ఆ అరుపులు కొందరికి నచ్చకపోవచ్చు, చాలాచోట్ల పాటతో సమానంగా వినిపిస్తాయి. నాకైతే అవే మూడో వాయిద్యం. 1997 బర్మింగ్‌హామ్ కచేరీతో వచ్చిన పాత 'అలైవ్'లో క్లబ్ చీకటి వాసన ఉంటుంది, ఈ కలిసి అరిచే సంబరం ఉండదు.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఈ షోకి పూర్తి వీడియో వాళ్లు విడుదల చేయనే లేదు. బ్రూక్లిన్ కచేరీలో 250 మంది ప్రేక్షకుల చేతికి కెమెరాలిచ్చి తీయించిన ఒక్క పాట వీడియో ఉంది, ఒలివియె గోండ్రీ డైరెక్ట్ చేసింది. చేతులు, తలలు, వణికే కెమెరాలు, దూరంగా మెరిసే త్రికోణం. టికెట్ కొని వెనక వరసలో నిలబడితే కనిపించేదీ అంతే కదా. 2021 ఫిబ్రవరిలో విడిపోతున్నట్టు చెప్పేశారు కాబట్టి ఇక ఆ పిరమిడ్‌ని ఎదురుగా చూసే ఆశ పెట్టుకోనక్కర్లేదు.

కొనేవాళ్లకి ఒక మాట. మామూలు సీడీలో 12 ట్రాక్‌లే ఉంటాయి. ఎంకోర్ (కచేరీ ముగిశాక మళ్లీ వచ్చి వాయించేది) కావాలంటే రెండు డిస్కుల స్పెషల్ ఎడిషన్ వెతకాలి. పాతదైనా సరే, గీతలు లేకుండా దొరికితే వదలకండి. ఆ ఎంకోర్‌లో 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' పాట మీద 'వన్ మోర్ టైమ్' మళ్లీ తిరిగొచ్చి, చివర్లో థామస్ 1998లో స్టార్‌డస్ట్ పేరుతో ఇంకో ఇద్దరితో కలిసి చేసిన 'మ్యూజిక్ సౌండ్స్ బెటర్ విత్ యూ' కలుస్తుంది. ఆ డిస్క్‌కి వేరే డబ్బు అడిగినా ఇచ్చేవాణ్ణి.