ఇంటిపేరు చరిత్ర ఫ్రేమ్ కొన్నాం, టర్నర్‌కి సింహం ఎందుకో అర్థం కాలేదు

రుషికొండలో మా ఆఫీసుకి ఇంగ్లండు నుంచి ఒక మేనేజరు వచ్చి మూడు నెలలున్నాడు, ఇంటిపేరు టర్నర్. వెళ్ళిపోతున్నాడని తలా వంద వేసుకున్నాం, ద్వారకానగర్‌లో ఒక గిఫ్టు షాపులో తెల్లోళ్ళ ఇంటిపేరుకి అర్థం, పుట్టుక రాసి ఫ్రేము కట్టిస్తారని మావాడొకడు చెప్తే వెళ్ళాం. షాపు పేరు చెప్పను. ఏ4 సైజు 850.

ముందు మంచి చెప్తా. మేటర్ బానే రాశారు. టర్నర్ అంటే లేతు మీద చెక్క తిప్పేవాడు, గిన్నెలు, కప్పులు, కుర్చీ కాళ్ళు చేసేవాడు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచాక అక్కడ ఫ్రెంచి మాటలు బాగా కలిశాయి, ఈ పేరు కూడా పాత ఫ్రెంచి నుంచే, దాని వెనక లాటిన్, ఇంకా వెనక్కెళ్తే గ్రీకు. అప్పట్లో లేతంటే కరెంటు మోటరేం లేదు, కాలితో తొక్కితే తాడు లాగి చెక్క తిరిగేది, పైన కట్టిన వంగే కర్ర మళ్ళీ వెనక్కి లాగేసేది. లండన్‌లో టర్నర్ల సంఘానికి 1604లోనే రాజుగారి చార్టర్ ఉందట. కుందేలుని పరిగెత్తి మళ్ళించేంత స్పీడున్నోడికి పెట్టిన ముద్దుపేరు అని కూడా కొందరంటారు, అది ఫ్రేములో లేదు, ఉంటే సరదాగా ఉండేది.

ఇది మా మావయ్యకి చూపించా. ఆయన ఐటీఐలో టర్నర్ ట్రేడు చేసి షిప్‌యార్డులో రిటైరయ్యాడు. చదివి ఒకటే నవ్వు, "ఒరే, మేమంతా జన్మంతా టర్నర్లమే కదరా, పూర్ణా మార్కెట్ దగ్గర ఆ టర్నర్ సత్రం మాత్రం కలెక్టరు దొర పేరు మీద ఉందేటి" అన్నాడు. నిజమే, దొర ఏ రోజూ లేతు ముట్టుకుని ఉండడు. పేరొకటి, పనొకటి, అక్కడ కూడా ఎప్పుడో విడిపోయాయి, ఇంగ్లండు 20 పౌండ్ల నోటు మీద బొమ్మున్న పెయింటర్ టర్నర్ వాళ్ళ నాన్న మంగలి పని చేసి విగ్గులు కట్టేవాడు.

ఇప్పుడు అసలు గొడవ. ఫ్రేము పైన డాలు, దాని మీద సింహం, కింద రిబ్బను, "టర్నర్ వంశ చిహ్నం" అని. ఇది శుద్ధ అబద్ధం గురూ. ఇంగ్లండులో ఆ చిహ్నం ఇంటిపేరుకి ఇవ్వరు, ఒక మనిషికి ఇస్తారు, తర్వాత అతని వారసులకి వస్తుంది, అంతే. అది చూడ్డానికే లండన్‌లో 1484 నుంచి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని ఒక ఆఫీసుంది. చెక్క తిప్పుకునేవాళ్ళు ఊరూరా ఉన్నారు, ఎక్కడికక్కడ టర్నర్ అయిపోయారు, అందరిదీ ఒకే వంశం ఎలా అవుతుంది, మన దగ్గర ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా చుట్టాలా ఏంటి? కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే "అది డిజైన్‌లోనే వచ్చేస్తాదన్నా, స్మిత్‌కీ అదే సింహం" అన్నాడు. పాపం నిజాయితీపరుడు.

మూడ్రోజులన్నారు, ఐదో రోజు ఇచ్చారు, అద్దం లోపలి వైపు వేలిముద్ర. ప్రింటు క్వాలిటీకి, రాసిన విషయానికి మూడు స్టార్లిస్తా, సింహానికి ఒకటి కట్.

నాకు మనసొప్పక ఏటికొప్పాక బొమ్మ ఒకటి కూడా కొన్నా, అంకుడు కర్ర లేతు మీద తిప్పి లక్క రంగు పట్టించింది. టర్నర్ గారు ఫ్రేముకి థాంక్స్ చెప్పి పక్కన పెట్టేసి, బొమ్మని మాత్రం చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఇది ఎలా చేస్తారని పావుగంట అడిగాడు, మావయ్యకి వీడియోకాల్ చేసి ఇచ్చేశా.

కొనేవాళ్ళు సింహం లేకుండా అడగండి. దానికి ఎక్స్‌ట్రా 100 అంటారు, ఇవ్వకండి.