హోండా ఈ: కాన్సెప్టులో ఎంత మిగిలింది?

2017లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో హోండా అర్బన్ ఈవీ కాన్సెప్టును (ఎలక్ట్రిక్ కారు నమూనాను) చూసి మనసు పారేసుకున్నవాళ్లకు అమ్మకానికి వచ్చిన ప్రొడక్షన్ కారు హోండా ఈ మొదటిచూపులో కాస్త చప్పగా అనిపిస్తుంది. వెనక్కి తెరుచుకునే రెండు పెద్ద డోర్లు పోయి, మామూలు నాలుగు వచ్చాయి. అది సరైన నిర్ణయమే. వెనకవైపు హింజ్ ఉన్న డోర్ లాక్, కారు నడుస్తుండగా ఊడితే గాలే దాన్ని బార్లా తెరిచేస్తుంది. పైగా వెనక సీటు ఎక్కాలంటే ప్రతిసారీ ముందు సీటు జరపాలి. వెనక డోర్ల హ్యాండిళ్లను పిల్లర్‌లో (కిటికీ పక్కన కప్పును మోసే భాగంలో) దాచి రెండు డోర్ల రూపం నిలబెట్టారు, తెలివైన పని.

కాన్సెప్టులో వీల్ ఆర్చ్‌లను (చక్రాల మీది వంపులను) నింపేసిన చక్రాలు కూడా చిన్నవయ్యాయి. సస్పెన్షన్ పైకి లేవడానికి, స్టీరింగ్ పూర్తిగా తిరగడానికి ఖాళీ కావాలి కదా. ముందు బెంచి సీటు స్థానంలో రెండు విడి సీట్లు వచ్చాయి.

సైడ్ అద్దాల బదులు కెమెరాలు, డాష్‌బోర్డు పొడవునా స్క్రీన్లు, గుండ్రటి లైట్లు మాత్రం నిలిచాయి. ఇలాంటివే సాధారణంగా ముందు కోతకు గురవుతాయి.

అసలు లోపం డిజైన్‌లో లేదు. 35.5 కిలోవాట్ అవర్ బ్యాటరీతో డబ్ల్యూఎల్‌టీపీ (యూరప్‌లో వాడే ప్రామాణిక పరీక్ష) లెక్కన ఒక్క చార్జికి సుమారు 220 కి.మీ. రేంజ్, 171 లీటర్ల డిక్కీ. ఊళ్లో తిరగడానికి చక్కటి కారు, దూరప్రయాణాలకు కాదు.