మా డాబా మీద కూల్ రూఫ్ పెయింట్: నాలుగు వేసవుల తర్వాత

మా ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, పైన ఇక డాబాయే. తూర్పు వైపు హాల్లోకి సముద్రపు గాలి వస్తుంది కాబట్టి ఫ్యాన్ చాలు. పడమటి బెడ్‌రూమ్ మాత్రం రాత్రి పదైనా పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉండేది. అమ్మ తన మంచం వదిలేసి హాల్లో చాప మీద పడుకునేది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కిందనుంచి లేవడం చూడలేక ఈ పని మొదలుపెట్టాను.

ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేసి రెండు టన్నులది పెట్టమన్నాడు మెకానిక్. కొనేముందు ఒక రాత్రి స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు పొద్దుపోయాక గదిలోకి వదులుతూ ఉంటే ఏ ఏసీ అయినా ఏం చేస్తుంది? హాలు మీదా అదే శ్లాబు, కానీ అక్కడ గాలి ఆడుతుంది. ఈ గదికి పడమటి ఎండ కూడా తోడు.

2022 ఫిబ్రవరిలో డాబా మీద కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండని వెనక్కి కొట్టే తెల్ల రంగు, వేయించాను. అంతకుముందు ఏడాది కొట్టించిన సున్నం ఒక్క వానాకాలానికే కొట్టుకుపోయింది. ఈసారి నాచు వైర్ బ్రష్‌తో గీకించి, పగుళ్లు పూడ్పించి, ప్రైమర్ మీద రెండు పూతలు. గీకేటప్పుడు మాత్రం దగ్గరుండి చేయించుకోండి. పిట్టగోడ మూల తడి ఆరకముందే వేసేసిన జానెడు చోట రెండో ఏడాదికే బుడగలు లేచి పొర ఊడింది. మిగతాది ఇప్పటికీ గట్టిగానే ఉంది.

మే నెల రాత్రుల్లో హాలుకీ ఆ గదికీ మూడున్నర డిగ్రీల తేడా ఉండేది, ఒకటిన్నరకి దిగింది. పాత ఏసీయే 26లో పెడితే అరగంటకల్లా కంప్రెసర్ ఆగుతోంది. అమ్మ మంచం మీదే పడుకుంటోంది. వడియాల మీద వాలిన కాకిని తోలడానికి మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా ఎక్కేసిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

మిగిలిన ఆ ఒకటిన్నర డిగ్రీలూ పడమటి గోడవి, కిటికీవి. పైన వేసిన పెయింట్ వాటికేం చేస్తుంది? లోపల మందపాటి కర్టెన్ కడితే ఎండకి అదే కాగిపోయింది. కిటికీ బయట వెదురు తడిక దించాక కాస్త నయం. కూలర్ కొనకండి, మన ఉక్కపోతలో అది ఇంకాస్త చెమ్మ తెచ్చిపెడుతుంది.

తెలుపు మాసిందంటే గుణం తగ్గుతుంది. ఏటా శివరాత్రి వెళ్లగానే కడిగిస్తాను. తడిసినప్పుడు బాగా జారుతుంది, పెద్దవాళ్లు జాగ్రత్త. చలికాలం తెల్లవారుజామున గది కొంచెం చల్లబడుతుంది, ఒక దుప్పటితో సరిపోతుంది. లంబసింగి, పాడేరు వైపు వాళ్లయితే ఒకసారి ఆలోచించుకోవాలి.

నాలుగో వేసవికి ఫలితం కాస్త తగ్గినట్టు తెలిసింది. వచ్చే ఫిబ్రవరిలో ఇంకో పూత వేయిస్తున్నాను, ముందు ఆ పిట్టగోడ మూల గీకించి, బాగా ఆరనిచ్చి.