బ్రాడీపేట లేడీస్ హాస్టల్ రివ్యూ: ఫుడ్ సూపర్, ఆ ప్రశ్నలే వద్దు (3/5)

గుంటూరు కోచింగ్‌కి వచ్చే అమ్మాయిల కోసం రాస్తున్నా. త్రీ షేరింగ్ నెలకి 6500, ఒక నెల అడ్వాన్స్. ఫుడ్ నిజంగా బాగుంటుంది, గోంగూర పచ్చడి రోజూ పెట్టినా విసుగు రాదు, ఆదివారం చికెన్. నీళ్ళకి ఇబ్బంది లేదు, వైఫై మాత్రం రాత్రిళ్ళు స్లో.

అసలు విషయం జాయినింగ్ దగ్గర. ఫామ్‌లో పేరు, అడ్రస్‌తో పాటు కులం అని ఒక గడి ఉండేది. ఆధార్ కార్డు మీదే కులం ఉండదు, అన్నం పెట్టి మంచం ఇచ్చేవాళ్ళకి ఎందుకది? ఖాళీగా వదిలేస్తే వార్డెన్ ఆంటీ "ఇంటిపేరేంటమ్మా, మీరేమిట్లు" అని నోటితోనే అడుగుతారు. మా రూమ్మేట్ చర్చికి రెడీ అవుతుంటే "ఓ, మీరు వాళ్ళా? చూస్తే అస్సలు అలా కనపడవే" అన్నారు నవ్వుతూ, అదేదో మెచ్చుకున్నట్టు. తను గ్రూప్ 2 ప్రిలిమ్స్ పాసైతే పక్క రూమ్ అమ్మాయి "నీకేంటే, రిజర్వేషన్ ఉందిగా" అనేసింది, తెల్లారుజామునే లేచి చదివింది ఎవరికీ గుర్తురాలేదు. ఎవరూ తిట్టలేదు, గొడవ లేదు, కానీ ఆ పిల్ల అందరూ తిన్నాకే మెస్‌కి వెళ్ళడం మొదలెట్టింది, చూసి చాలా బాధేసింది.

1970లో అమెరికాలో చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్ట్, అక్కడ నల్లవాళ్ళు రోజూ పడే ఇలాంటివి చూసి మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టారు. ఒక్కోటి చిన్నగానే ఉంటుంది, రోజూ పడేవాళ్ళకే తెలుస్తుంది. పైగా "ఆంటీ మంచిదేలే, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అని సర్దిచెప్పేవాళ్ళు ఉంటారు చూడండి, దయచేసి అది చెయ్యకండి, అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

మేం ముందు మా రూమ్మేట్‌నే అడిగాం, మేం మాట్లాడితే నీకు ఓకేనా అని, ఎందుకంటే తర్వాత ఆ ఆంటీ ఎదురుగా తిరగాల్సింది తనే కదా. సరే అన్నాక నేను ఆఫీస్ రూమ్‌కి వెళ్ళి "ఆంటీ, కులం తెలిస్తే భోజనంలో ఏమైనా మారుద్దా?" అని మామూలుగానే అడిగా. "అందరం అడుగుతాంగా అమ్మా, అలవాటు" అన్నారు. "మీకు అలవాటే ఆంటీ, తను మాత్రం మీరుంటే మెస్‌కి రావట్లేదు" అని చెప్పా. ఆవిడ ఏం మాట్లాడలేదు, కానీ తర్వాత వచ్చిన కొత్త ఫామ్స్‌లో ఆ గడి తీసేశారు. అందుకే మూడు స్టార్లు, లేకపోతే ఒకటే ఇచ్చేదాన్ని.

నోటితో అడగడం ఇంకా పూర్తిగా పోలేదు. అడిగితే చెప్పాల్సిన పని లేదు, పక్కన ఎవరున్నా "అదెందుకు ఆంటీ" అని మీరే అందుకోండి, అన్నీ ఆ అమ్మాయి ఒక్కతే చెప్పుకోవాలంటే కష్టం. రూమ్ మాత్రం ఫస్ట్ ఫ్లోర్‌లో అడగండి, ఎండాకాలం పై ఫ్లోర్‌లో పడుకోలేం.